తలుపులు తీసిన శీతాకాలం

1985 నవంబర్ 4, సోమవారం సాయంత్రం ఏడు గంటలకి, సోకల్ సైడింగ్ కర్లింగ్ క్లబ్బుని మూసెయ్యాలని ఓటేశారు. మూసెయ్యాలన్నవాళ్ళు ముప్ఫై ఒక్కరు. వద్దన్నవాళ్ళు తొమ్మిదిమంది. ఆ ముప్ఫై ఒక్క చేతుల్లో ఒకటి మా నాన్నది.

నాన్న పేరు మెత్రో హ్రింకివ్. ఆ క్లబ్బులో ఇరవై రెండేళ్ళుగా ఐసు వేసింది ఆయనే. వారం ముందు ఇన్‌స్పెక్టరు వచ్చి, ఐసుని గడ్డకట్టించే యంత్రంలోంచి అమ్మోనియా కారుతోందని రాసి, దానికి సీలు వేసి వెళ్ళాడు. కొత్త యంత్రం తెచ్చుకునే స్థితి ఊరికి లేదు. ఊరంటే నూట ఎనభైమంది, ధాన్యం నిలవచేసే ఒక ఎలివేటరు, ఒక చర్చి, ఒక కో-ఆప్ దుకాణం, ఐసు మీద రాళ్ళు జార్చి ఆడే రెండు లేన్ల రింకు.

లెక్క చదవగానే మా చెల్లెలు లెస్యా లేచి నిలబడింది. దానికి పదిహేడేళ్ళు. ఓటు పద్దెనిమిదికి.

"నీకు ఓటు లేదమ్మా, కూర్చో," అన్నాడు కో-ఆప్ మేనేజరు ఆర్నీ.

"ఓటున్నవాళ్ళు కూర్చుని చేసిన పని చూశాంగా, ఆర్నీ బాబాయ్."

ఎవరో నవ్వారు. లెస్యా నాన్న వైపు తిరిగింది.

"నువ్వెందుకు ఎత్తావు చెయ్యి?"

"గేమ్ అయిపోయింది లెస్యా. అయిపోయాక కూడా నిలబడితే అందరి టైమూ పాడు."

"నీకైపోయింది. నాక్కాలేదు."

ఆ మాట తర్వాత వాళ్ళిద్దరూ డెబ్భై అయిదు రోజులు మాట్లాడుకోలేదు. లెక్క నాది కాదు, అమ్మది. వంటింటి క్యాలెండర్ మీద గీతలు పెట్టింది.

నాన్న అన్నదాంట్లో వింతేం లేదు. మా ఆటలో ఓడిపోతున్నవాళ్ళు చివరిదాకా ఆగరు. ఇక గెలవలేమని తెలియగానే స్కిప్, అంటే జట్టు నాయకుడు, గ్లవ్ తీసి అవతలి స్కిప్‌కి చెయ్యిస్తాడు. గేమ్ అక్కడితో ఆఖరు. చెయ్యివ్వకుండా సాగదీసేవాళ్ళని పెంపకం లేనివాళ్ళంటారు. చెయ్యివ్వాల్సిన క్షణం మెత్రోకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని చుట్టుపక్కల క్లబ్బుల్లో చెప్పుకునేవాళ్ళు. అది పొగడ్తే.

మా జట్టుకి స్కిప్ లెస్యా. లేన్ అవతలి చివర వలయాల దగ్గర నిలబడి, రాయి ఎక్కడికి రావాలో చీపురు ఆనించి చూపించేది. జట్టులో చివరి రెండు రాళ్ళూ తనే వేసేది. దానికి ముందు రెండు నావి. నాకు పంతొమ్మిది. మిగతా ఇద్దరు జోయన్, బెర్నీస్. రాయి జారుతున్నప్పుడు దాని ముందు ఐసుని తోముతూ పరుగెత్తేది ఎక్కువగా వాళ్ళే. జట్టుకి ఎనిమిది రాళ్ళు వేస్తే ఒక ఎండ్. నడిమి చుక్కకి దగ్గరున్న రాళ్ళకి పాయింట్లు. లెస్యా ఆ తర్వాత రెండుసార్లు ప్రావిన్స్ పోటీలు గెలిచింది. అవన్నీ పేపర్లలో ఉన్నాయి. ఇది అంతకుముందు సంగతి.

డిసెంబర్ 8, ఆదివారం, పెల్టియే అనే కోచ్ సస్కటూన్ నగరం నించి మా ఇంటికి వచ్చాడు. బూట్లు గుమ్మంలో విప్పి, సాక్సులతో వంటింట్లో కూర్చుని, రెండు కప్పుల కాఫీ తాగాడు.

"మీ అమ్మాయి ఆఖరి రాయి వేసేటప్పుడు చెయ్యి వణకదండీ. అది నేర్పితే రాదు," అన్నాడు నాన్నతో. "మా జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది. అక్కడ మా చెల్లెలింట్లో ఉండొచ్చు. స్కూలు కూడా దగ్గరే."

"మా అక్క?" అంది లెస్యా.

"ఒక్కటే చోటమ్మా."

బల్ల మీద కాగితం పెట్టాడు. ఆటగాడు ఒక క్లబ్బు నించి ఇంకో క్లబ్బుకి మారే కాగితం. కింద రెండు గీతలు, ఒకటి తండ్రికి, ఒకటి ఆటగాడికి. జనవరి 18 లోపు కర్లింగ్ సంఘానికి చేరాలి. నాన్న పెన్ను తీసుకుని తన గీత మీద సంతకం పెట్టాడు. పెట్టి, కాగితాన్ని లెస్యా వైపు కాకుండా అమ్మ వైపు జరిపాడు.

లెస్యా దాన్ని ముట్టుకోలేదు. "అంకుల్, ఒక సంగతి చెప్పండి. ప్రాంతీయ పోటీలకి మా క్లబ్బు పేరు మీదే వెళ్ళాలంటే ఏం కావాలి?"

"క్లబ్బుండాలి. క్లబ్బంటే ఐసుండాలి. ఆ ఐసు మీద బయటి జట్టుతో ఎనిమిది ఎండ్లూ ఆడాలి. ఇద్దరు స్కిప్‌లూ సంతకం పెట్టిన కార్డు పంపాలి. దానికీ జనవరి 18 చివరి రోజు."

"యంత్రం ఉండాలని రాసుందా?"

పెల్టియే కాస్త ఆలోచించాడు. "ఐసు అనే రాసుంది."

"బయట మైనస్ ఇరవై ఆరుంది," అంది లెస్యా. "ఇక యంత్రమెందుకు? తలుపులు తీస్తే చాలు."

పెల్టియే నవ్వాడు. "ఇది 1935 కాదమ్మా."

"స్తెఫా," అన్నాడు నాన్న అమ్మతో, "ఇరవై రెండేళ్ళు ఐసు వేసినవాడు ఈ ఇంట్లోనే ఉన్నాడని మీ అమ్మాయికి చెప్పు. అది కుదిరేదైతే వాడే చెప్పేవాడని కూడా చెప్పు."

"అమ్మా, అడగకుండానే చెయ్యెత్తినవాణ్ణి అడిగేదేముందని మీ ఆయనకి చెప్పు."

"నేనేమన్నా టెలిఫోన్ తీగనా?" అని అమ్మ కప్పులు తీసేసింది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది.

తలుపులు తీసి ఐసు వెయ్యడం చేతనైనవాడు ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. నెస్తర్ తాత. ఎనభై ఒకటి. వద్దన్న తొమ్మిదిమందిలో ఆయనా ఉన్నాడు. మర్నాడు మేం నలుగురం వెళ్ళి అడిగితే, టోపీ కూడా పెట్టుకోకుండా బయల్దేరాడు. కూతురు వెనకాలే టోపీ పట్టుకుని పరుగెత్తింది.

రింకు రెండు చివర్లా ఉన్న పెద్ద తలుపులు తీశాం. రెండు లేన్లలో ఒకటే చాలనుకున్నాం. కో-ఆప్ నించి నీళ్ళ గొట్టం లాగాం. మొదటిరోజు నేను నీళ్ళు పోస్తుంటే తాత కర్రతో నా బూటు మీద కొట్టాడు.

"దూడలకి తాగడానికి పెడుతున్నావా? పల్చగా! ముఖం కడిగినంత పల్చగా. అది గట్టిపడ్డాకే ఇంకోటి."

"ఎన్ని పొరలు తాతా?"

"అయ్యేదాకా."

రోజుకి మూడు పొరలు పట్టేవి. గాలి లేకపోతే నాలుగు. డిసెంబర్ 20 నించి రెండురోజులు ఎండెక్కి పైపొర పాడైంది. గీకేసి మళ్ళీ మొదలుపెట్టాం. కో-ఆప్‌లో ఆర్నీ మాకు పేరు పెట్టాడు, చలిచీమలని. మేం లోపలికి రాగానే "చలిచీమలొచ్చాయర్రా, పంచదార దాచండి" అనేవాడు. లెస్యా కౌంటర్ మీద పంచదార పొట్లం తీసుకుని, ఖాతాలో సంతకం పెట్టి పట్టుకుపోయింది. అది నిజంగా అమ్మ తెమ్మన్న పంచదారే.

మా చర్చి పాటించే పాత క్యాలెండర్ ప్రకారం జనవరి 6 క్రిస్మస్ ముందు రోజు. సాయంత్రం మొదటి చుక్క కనిపించాక పన్నెండు వంటలతో భోజనం, మాంసం లేకుండా. బల్లగుడ్డ కింద ఎండుగడ్డి, పోయినవాళ్ళ కోసం ఒక ఖాళీ కంచం. తేనె, గసగసాలు కలిపిన ఉడికించిన గోధుమలతో మొదలుపెట్టాం. బయట మైనస్ ముప్ఫై నాలుగు.

ఏడో వంటకి లెస్యా లేచింది.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"ఇంత చలి మళ్ళీ దొరకదు. ఒక పొర వేసొస్తా."

"పన్నెండూ ముట్టకుండా లేస్తే ఏడాదంతా అరిష్టం."

"ఏడు తిన్నాగా. మిగతా అయిదూ అక్క తింటుంది."

"నీ కూతురు పండగపూట కూడా కూర్చోలేదా అని అడుగు," అన్నాడు నాన్న.

అమ్మ చెంచా కింద పెట్టింది. "అది నీ కూతురు కూడా, మెత్రో. నువ్వే అడుగు."

నాన్న అడగలేదు. లెస్యా వెళ్ళింది. నేను అయిదూ తిని, కోటు వేసుకుని వెనకాల వెళ్ళాను. మేం అక్కడికి చేరేసరికి నెస్తర్ తాత గొట్టం విప్పుతున్నాడు. ఆయన కూతురింట్లో ఎన్ని వంటలయ్యాయో మేం అడగలేదు.

జనవరి 13కి ఐసు తయారైంది. మర్నాడు నేను దాన్ని పాడుచేశాను.

క్లబ్బు మూసినప్పుడు రాళ్ళని చర్చి నేలమాళిగలో పెట్టారు, చర్చిని వెచ్చబెట్టే ఫర్నేస్ గది పక్కన. పదహారు రాళ్ళు, ఒక్కోటి ఇరవై కిలోలు. నేనూ బెర్నీసూ వాటిని ట్రక్కులో వేసుకుని తెచ్చాం. ఆ ఏడాది రాళ్ళని ఐసు మీద ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా ఉంటాయో చూద్దామనిపించింది.

"పెట్టేద్దామా?" అంది బెర్నీస్.

"పెట్టు. వలయాల మధ్యలో పెట్టు," అన్నాను.

పెట్టి భోజనానికి వెళ్ళాం. గంటన్నర తర్వాత వచ్చేసరికి, ఒక్కో రాయీ తన వేడికి తనే ఐసుని కరిగించుకుని, వేలి మందాన దిగి, చుట్టూ గడ్డకట్టుకుపోయి ఉంది. రాయిని ఐసు మీదికి తెచ్చేముందు ఒక రాత్రంతా చలిలో ఉంచాలని మా ఊళ్ళో నడక వచ్చిన ప్రతివాళ్ళకీ తెలుసు. నాకు ఆరో ఏట నాన్న చెప్పాడు.

లెస్యా వచ్చి చూసింది. "ఎవరు?"

"నేనే."

అది తిట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక రాయి చుట్టూ వేలు తిప్పి చూసింది. తాత ఈ సంగతి కో-ఆప్‌లో చెప్పినట్టున్నాడు, పావుగంటకి నాన్న వచ్చాడు. ఓటేసిన రోజు తర్వాత ఆయన రింకులోకి రావడం అదే మొదలు. ఐసు అంచున ఆగిపోయాడు.

"మార్తా, నీకేం చెప్పాను?"

"రాత్రంతా చలిలో ఉండాలని."

"ఊఁ."

లెస్యా వైపు చూశాడు. అది వీపు తిప్పలేదు, తలా ఎత్తలేదు. ఆయన వెళ్ళిపోయాడు. నేను చాలాసేపు ఆ తలుపు వైపే చూశాను.

"ఆయన రాడు," అంది లెస్యా. "గోరువెచ్చని నీళ్ళు తే."

ఒక్కో రాయీ ఊడదీయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పదహారు గుంటల్లో మంచూ నీళ్ళూ కలిపిన ముద్ద పూడ్చి, గీకి, పైన రెండు పొరలు వేశాం. చేత్తో తడిమితే నున్నగానే ఉంది. రాయి కింద ఎలా ఉంటుందో ఆడితేగానీ తెలియదు. నాలుగు రోజులే మిగిలాయి.

జనవరి 18, శనివారం మధ్యాహ్నం ఒకటిన్నర. మెల్‌బీ జట్టు నలభై మైళ్ళ నించి వచ్చింది. వాళ్ళ స్కిప్ కోరిన్ స్వైన్సన్, ముందటేడు ప్రాంతీయ విజేత. మా కార్డుకి ఒక గేమ్ కావాలని లెస్యా ఫోన్ చేస్తే ఒక్క ముక్కలో వస్తానంది.

ఉదయం దాకా మైనస్ ఇరవై తొమ్మిది ఉంది. పన్నెండింటికి ఆగ్నేయం గాలి మొదలై మైనస్ తొమ్మిదికి ఎక్కింది. మంచు తుఫాను వస్తోందని రేడియో చెప్పింది. ఆ తడిగాలి చల్లటి ఐసుకి తగిలి, లేన్ పొడవునా మంచు నూగు పట్టింది. నూగు మీద రాయి జారదు, ఈడ్చుకుపోతుంది. కోరిన్‌కి అది రెండు రాళ్ళలో అర్థమైంది. వాళ్ళు బలంగా విసరడం మొదలుపెట్టారు. మేం దాదాపు ఆరు వారాలు ఆ ఐసుని ముద్దు చేసినవాళ్ళం, బలం వెయ్యడానికి చేతులు రాలేదు. వలయాల్లో పూడ్చిన గుంటల మీద మా రాళ్ళు రెండుసార్లు ఎగిరి పక్కకి పోయాయి. ఆ రెండూ నేను వేసినవే.

అయిదు ఎండ్లకి తొమ్మిది-ఒకటి. తొమ్మిది వాళ్ళవి.

చూడ్డానికి వచ్చినవాళ్ళు, లేన్ చివర అద్దం వెనక గదిలో, యాభైమంది దాకా ఉన్నారు. కోరిన్ లేన్ మధ్యకి వచ్చి నిలబడింది. గ్లవ్ తియ్యాల్సింది లెస్యా. తియ్యలేదు.

"రోడ్డు మూసుకుపోతుందే," అంది కోరిన్. "చెయ్యివ్వు, బయల్దేరతాం."

"నాకు ఎనిమిది ఎండ్లు కావాలి."

"తెలుసు. కార్డిటివ్వు. ఎనిమిదీ ఆడినట్టు రాసి సంతకం పెడతా. మా వాళ్ళెవరూ నోరెత్తరు."

జోయన్ నా వైపు చూసింది. నేను లెస్యా వైపు చూశాను. ఆ సంతకం చాలు. ఇక ఏమీ అక్కర్లేదు.

"ఆడనిది రాయను," అంది లెస్యా.

"నీ మంచికే చెప్తున్నా."

"ఈ ఏడాది నా మంచికి చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారు."

"తొమ్మిది-ఒకటి. సిగ్గు లేదూ?"

"ఉండేది. నవంబర్‌లో అయిపోయింది. నీ వాళ్ళని రాళ్ళ దగ్గరికి పంపు."

అద్దం వెనక నాన్న మొదటి వరసలో ఉన్నాడు. కుడిచేతి గ్లవ్ తీసి, ఉత్తి చెయ్యి పైకెత్తి అద్దానికి ఆనించాడు. దానర్థం ఆ గదిలో అందరికీ తెలుసు. లెస్యా చూసింది. చూసి, వెనక్కి తిరిగి, వలయాల దగ్గరికి నడిచి, చీపురు ఐసు మీద ఆనించింది.

జోయన్ రాయి తుడుస్తోంది. గది తలుపు చప్పుడైంది. నాన్న బయటికొచ్చాడు. గోడకి వేలాడుతున్న గీకుడు కత్తి తీసుకుని ముందు కోరిన్ దగ్గరికి వెళ్ళాడు. గేమ్ మధ్యలో ఐసు ముట్టుకోవాలంటే రెండు జట్లూ ఒప్పుకోవాలి.

"నూగు గీకనా అమ్మా? నీకిష్టమైతేనే."

కోరిన్ వలయాల దగ్గరున్న లెస్యాని చూసింది. "ఎలాగూ ఇది వదిలేలా లేదు. గీకండి, మెత్రో అంకుల్."

నాన్న లేన్ పొడవునా నడిచి లెస్యా దగ్గర ఆగాడు.

"ఎక్కడ ఆగిపోతోంది?"

"రెండో గీత దాటాక," అంది లెస్యా. "కుడివైపు ఎక్కువ."

"వలయాల్లో?"

"అక్క చేసిన గుంటల మీద రాయి ఎగురుతోంది."

"పక్కకి జరుగు."

ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. ఆ చివర నించి ఈ చివరకి నాలుగుసార్లు గీకాడు. పూడ్చిన గుంటల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, బుగ్గ ఐసుకి ఆనించి చూసి, చిన్న కత్తితో ఒక్కోటీ చదును చేశాడు. తర్వాత నీళ్ళ డబ్బా వీపుకి తగిలించుకుని వెనక్కి నడుస్తూ చినుకులు చల్లాడు. అవి పడ్డచోటే గడ్డకట్టి గింజల్లా నిలబడితే రాయి వాటి మీద జారుతుంది. ఈలోగా అమ్మ మెల్‌బీ పిల్లలకి కాఫీ తెచ్చింది. డబ్బా ఖాళీ అయ్యాక నాన్న గదిలోకి వెళ్ళి, అదే చోట నిలబడ్డాడు.

ఆరో ఎండ్ మాది, రెండు పాయింట్లు. ఏడోది వాళ్ళది, రెండు. పదకొండు-మూడు. ఒక ఎండ్ మిగిలింది.

నెస్తర్ తాత గది తలుపు తీసి అరిచాడు: "ఎనిమిది రాళ్ళున్నాయి! ఎనిమిది తక్కువున్నాం! లెక్క సరిపోయింది, ఇంకా అవ్వలేదు!"

కోరిన్ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "వీళ్ళ ఊళ్ళో అందరూ ఇంతేనా?" అని నన్నడిగింది.

"ముప్ఫై ఒక్కరు కాదు," అన్నాను.

ఎనిమిదో ఎండ్ నాలుగూ పదికి మొదలైంది. బెర్నీస్ వేసిన ఒక రాయి వలయాల్లో నిలబడింది. కోరిన్ దాన్ని కొట్టబోయి తప్పింది. నా రెండో రాయి గుంటలున్నచోటి మీదుగా వెళ్ళింది, ఎగరలేదు. లెస్యా ఆఖరి రాయి వేసేముందు ఐసు మీద చెయ్యి పెట్టి, తీసి, ప్యాంటుకి తుడుచుకుంది. దాని రాయి వాళ్ళ రాయిని తప్పించుకుని వెళ్ళి చుక్క మీద ఆగింది. మూడు పాయింట్లు. పదకొండు-ఆరు. ఓడిపోయాం.

సాయంత్రం నాలుగూ నలభైకి కార్డు మీద రెండు సంతకాలూ పడ్డాయి. ఎండ్ల గడిలో కోరిన్ తన చేత్తో ఎనిమిది అని రాసింది. తుఫాను వల్ల గడువు సోమవారానికి జరిపారని సంఘం ఆఫీసు ఫోన్‌లో చెప్పింది. నాలుగున్నరకే మెల్‌బీ రోడ్డు మూసేశారు. ఆ నలుగురూ మా ఇంట్లోనే పడుకున్నారు.

"నీ మూలానే ఇరుక్కున్నాం," అంది కోరిన్ భోజనాల దగ్గర.

"తిను," అంది లెస్యా క్యాబేజీ చుట్టలు దాని కంచంలో వేస్తూ. "నాన్నా, మీగడ ఇటివ్వు."

నాన్న మీగడ గిన్నె ఇచ్చాడు. అమ్మ క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి ఏదో చూసుకుని వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం రోడ్డు తెరిచారు. సోమవారం ఉదయం నాన్న కార్డు పట్టుకుని ట్రక్కులో సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. నేను లేచేసరికి ఫ్రిజ్ మీద పెల్టియే ఇచ్చిన కాగితం లేదు. ఎవరు తీశారో నాకు తెలియదు. నాన్ననీ, లెస్యానీ అడిగాను. ఇద్దరూ నేను కాదన్నారు.

ప్రాంతీయ పోటీల జాబితా 29న వచ్చింది. ఏడు జట్లు. ఏడోది సోకల్ సైడింగ్, స్కిప్ ఎల్. హ్రింకివ్. ఫిబ్రవరి 8, శనివారం ఉదయం తొమ్మిదికి, మూడో లేన్‌లో, మా మొదటి రాయి జోయన్ వేసింది. అది వలయాలకి నాలుగడుగుల ముందు, లెస్యా అడిగినచోట ఆగింది.